ముద్దబంతి ఏ కుర్చీది

ఈ సంగతి నేను ఇంతకు ముందు ఎవరికీ చెప్పలేదని అనుకోవద్దు. చెప్పాను. చిత్రలేఖనం పోటీ పెట్టిన సంఘం కార్యదర్శికి ఫోన్లో చెప్పాను. ఏలూరు వెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పాను. నా మాట సగంలో ఉండగానే ఆయన కాఫీ తెప్పించారు. నేను కాఫీ తాగేసరికి లేచి నిలబడి, "వచ్చే ఏడాది చూద్దాం మాస్టారూ" అన్నారు. వచ్చే ఏడాది సంగతి నేను అడగనే లేదు. ప్రధాన న్యాయనిర్ణేత గారికి ఉత్తరం రాశాను, జవాబు లేదు. ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తి, "తాతగారు పడుకున్నారండీ" అంది. పొద్దున చేసినా ఆ మాటే, సాయంత్రం చేసినా ఆ మాటే. ఇంట్లో చెప్పబోతే మా ఆవిడ టీవీ సౌండు పెంచుతుంది. అందుకని రాస్తున్నాను. రాసినదానికి సౌండు పెంచడం కుదరదు.

నేను తాడేపల్లిగూడెంలో డ్రాయింగు మాస్టారుగా పని చేసి రిటైరయ్యాను. స్కూల్లో డ్రాయింగు పీరియడ్ అంటే లెక్కల మాస్టారు సిలబస్ పూర్తి చేసుకునే పీరియడ్. ఆయన గుమ్మంలో నిలబడి నవ్వేవారు, నేను చాక్‌పీసు పట్టుకుని స్టాఫ్ రూముకి వెళ్ళిపోయేవాణ్ణి. నా వీడ్కోలు సభలో మాట్లాడిన పెద్దమనిషి నన్ను డ్రిల్లు మాస్టారన్నాడు, ఎవరూ సరిదిద్దలేదు. సరిదిద్దాల్సిన హెడ్‌మాస్టారు అప్పుడు పకోడీలు తింటున్నారు. అన్నీ గుర్తున్నాయి నాకు.

స్కూల్లో నన్ను ఎవరూ పట్టించుకోకపోయినా నేను మాత్రం బొమ్మలు మానలేదు. సెలవు దొరికితే ఏలూరు దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు పట్టుకుని మండవల్లి వైపు కొల్లేరు అంచుకి వెళ్ళేవాణ్ణి. గట్టు మీద గొడుగు పాతుకుని కూర్చుని వేసేవాణ్ణి. గూడబాతులు వాలడం వేశాను, గుర్రపుడెక్క తోసుకుంటూ వచ్చే పడవలు వేశాను. ఏలూరులో ఏటా జరిగే ఈ పోటీకి ఎన్నోసార్లు పంపాను. వాళ్ళు పాల్గొన్నట్టు కాగితం ఇస్తారు. అవి మా ఇంట్లో బీరువా మీద ఉన్నాయి.

ఇక మా తోడల్లుడు. మా ఆవిడ చెల్లెలి భర్త. కలిదిండి దగ్గర చేపల చెరువులున్నాయి అతనికి. అతను అల్లుడైన రోజునుంచీ మా అత్తవారింట్లో నా స్థానం మారింది. అంతవరకూ కొరమీను పులుసులో మొదటి గరిటె నాకు పడేది. తర్వాత "చిన్నల్లుడు గారికి వెయ్యండమ్మా, పాపం దూరంనుంచి వచ్చారు" అనేవారు మా అత్తగారు. కలిదిండి, తాడేపల్లిగూడెం, ఈ రెంటిలో ఏది ఎక్కువ దూరమో ఆవిడకి తెలుసు. అయినా అలాగే అనేవారు. నేను చెయ్యి కడుక్కుని లేచిపోయిన రోజులు కూడా ఉన్నాయి. ఎందుకు లేచానని ఎవరూ అడగలేదు.

అతను చెడ్డవాడని నేను అనడం లేదు. చెడ్డవాడైతే నాకింత కష్టం ఉండేది కాదు. కరోనా రోజుల్లో ఒకసారి ఫోన్ చేశాడు.

"అన్నయ్య గారూ, ఏమీ తోచట్లేదండీ. మీలాగా బొమ్మలెయ్యడం నేర్పండి."

నవ్వుకున్నాను. రాకపోకలు మొదలయ్యాక నా పాత బ్రష్షులు, సగం వాడిన రంగులు పార్సిల్ చేసి పంపాను. అతను బొమ్మ వేసి ఫోటో పంపేవాడు, నేను ఫోన్లో తప్పులు చెప్పేవాణ్ణి. మొదటి బొమ్మలో ఇల్లు, కొబ్బరిచెట్టు, సూర్యుడు, కారు, కారు పక్కన కోడిపుంజు. కాగితం మీద గోరంత చోటు లేదు.

"తమ్ముడూ, అన్నీ నింపెయ్యకూడదు. కొంత ఖాళీ వదులు. చూసేవాడి కంటికి కూర్చోడానికి చోటుండాలి" అన్నాను.

ఈ మాట నేనన్నదే. బాగా గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఆ ఏడాది పోటీకి అంశం 'మన కొల్లేరు' అని ప్రకటించారు. పేపర్లో చూసి రెండుసార్లు చదివాను. ఇది నాకోసమే పెట్టారనుకున్నాను. జిల్లాలో నాకంటే ఎక్కువసార్లు ఆ గట్టు మీద కూర్చున్న చిత్రకారుడు ఎవడున్నాడు? ప్రధాన న్యాయనిర్ణేతగా వస్తున్నది ఎవరో కూడా వేశారు. నేను చదువుకునే రోజుల్లో పత్రికల్లో ఆయన బొమ్మలు కత్తిరించి అట్టకి అతికించుకునేవాణ్ణి. ఆయన చేత ఒక్కసారి బాగుందనిపించుకుంటే చాలు, బీరువా మీద కాగితాలన్నీ చించేద్దామనుకున్నాను.

వేసవి అంతా ఆ బొమ్మ మీదే ఉన్నాను. పడవ వేశాను, పడవలో వల విదిలిస్తున్న మనిషి, గుర్రపుడెక్క లాగుతున్న ఆడవాళ్ళు, చెట్ల మీద గూడబాతులు, తామరలు, చెరువు గట్లు, గట్టు మీద మేత బస్తాల ట్రాక్టరు, దూరంగా వాన. కొల్లేరులో ఉన్నది ఒక్కటి కూడా వదల్లేదు.

అప్పుడు తోడల్లుడి ఫోన్. "అన్నయ్య గారూ, నేను కూడా ఒకటి పంపుదామనుకుంటున్నానండీ. సరదాకి."

"పంపు తమ్ముడూ, దానిదేముంది" అన్నాను. ఫోన్ పెట్టేశాక మా ఆవిడతో, "కోడిపుంజుని పంపుతాడు కాబోలు" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

పోటీ రోజున బొమ్మని దుప్పట్లో చుట్టి నేనూ మా ఆవిడా పాసింజర్ ఎక్కాం. ఎదురు సీటులో ఉల్లిపాయల మార్కెట్టు నుంచి వస్తున్న ఒకాయన దుప్పటివైపే చూసి, "అద్దమాండీ?" అన్నాడు.

"బొమ్మ."

"దేవుడిదాండీ?"

"కొల్లేరుది."

"కొల్లేరుదా? అక్కడేముందండీ బొమ్మ వెయ్యడానికి, చేపలు తప్ప?"

మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ పెదవి బిగపట్టింది. ఆవిడ నవ్వు ఆపుకోవడం నాకు తెలియకపోదు.

ఏలూరు స్టేషనుకి తోడల్లుడు కారు తెచ్చాడు. వెనక సీటంతా అతని బొమ్మ పడుకుని ఉంది, విజయవాడలో కట్టించిన గాజు ఫ్రేముతో. "గాజండీ బావగారూ, కదిపితే పగులుతుందేమోనని" అంది మా మరదలు. ఆవిడ, మా ఆవిడ ఆ ఫ్రేము అంచున ఇరుక్కుని కూర్చున్నారు. నేను ముందు సీట్లో నా బొమ్మని మోకాళ్ళ మీద నిలబెట్టుకున్నాను. దారి పొడుగునా నాకు దుప్పటి తప్ప ఇంకేమీ కనబడలేదు.

పోటీ కాలవ దగ్గర ఒక కల్యాణ మండపంలో. కలిసి వెళ్ళాం కాబట్టి మా ఇద్దరి పేర్లూ పక్కపక్కనే రాసుకున్నారు, బొమ్మల్ని కూడా పక్కపక్క కుర్చీల్లో పెట్టారు. అక్కడ స్టాండులుండవు. పెళ్ళిళ్ళకి వాడే ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి, ఒక్కో కుర్చీలో ఒక్కో బొమ్మ నిలబెడతారు. నా కుర్చీకీ అతని కుర్చీకీ మధ్య బెత్తెడు సందు. ఇంకొంచెం ఎడంగా వెయ్యమని అక్కడున్న కుర్రాళ్ళని అడిగాను. "ఏం కాదండీ మాస్టారూ" అన్నారు. ఆ బెత్తెడే నా కొంప ముంచింది.

ఈ పోటీలో న్యాయనిర్ణయం ఎలా చేస్తారో చెప్పాలి. మార్కులు వెయ్యరు. మార్కులు వేసిన రోజుల్లో కూడికల దగ్గర గొడవలయ్యాయట, అప్పటినుంచి పువ్వులు. ముందు న్యాయనిర్ణేతలు ముగ్గురూ కలిసి తిరిగి పనికిరావనుకున్న బొమ్మల్ని తీయించేస్తారు. మిగిలినవాటిలో ఒక్కొక్కరూ తమకి నచ్చిన ఒక్క బొమ్మ ముందు, కుర్చీ అంచున, ఒక్క ముద్దబంతి పువ్వు పెడతారు. ఎక్కువ పువ్వులొచ్చిన బొమ్మకి మొదటి బహుమతి. తలా ఒకదానికి పెడితే ప్రధాన న్యాయనిర్ణేత పువ్వున్న బొమ్మే గెలిచినట్టు.

తీసేసినవాటిలో నా బొమ్మ లేదు. అతనిదీ లేదు. మమ్మల్ని వరండాలో ఉంచారు. నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ప్రధాన న్యాయనిర్ణేత, ఆ పెద్దాయన, చేతికర్రతో నెమ్మదిగా వచ్చారు. మా రెండు కుర్చీల దగ్గర ఆగారు. చాలాసేపు ఆగారు. ముందుకి వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చారు. వంగడం కష్టమై కర్రని చంకలో పెట్టుకుని, రెండో చేత్తో పువ్వు పెట్టారు. ఆయన వీపు నా వైపుంది. ఆయన భుజం పక్కనుంచి నాకు కనబడింది నా బొమ్మే, నా పడవే. లేచి ఇటు తిరిగినప్పుడు ఆయన ముఖంలో ఒక నవ్వుంది. ఆ నవ్వు నాకు తెలుసు. బొమ్మ బాగున్నప్పుడు పిల్లల వంక నేను నవ్వే నవ్వు అది.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏమైందండీ అన్నయ్య గారూ?" అన్నాడు తోడల్లుడు. "దుమ్ము" అన్నాను.

తర్వాత భోజనాలు. ఆ సమయంలో హాలు తలుపులు తెరిచి ఇంటివాళ్ళని చూడనిస్తారు. ఆడవాళ్ళందరూ లోపలికి వెళ్ళారు. నేను వెళ్ళలేదు. గెలిచినవాడిలా ముందే వెళ్ళి నిలబడితే బాగుండదని పులిహోర ఆకు ముందు మర్యాదగా కూర్చున్నాను. ఆ మర్యాదకి ఫలితం అనుభవిస్తున్నాను.

భోజనాలయ్యాక కార్యదర్శి మైకులో పువ్వుల లెక్క చెప్పారు. ఏలూరుకి చెందిన ఒక అమ్మాయి బొమ్మకి ఒకటి. మా తోడల్లుడి బొమ్మకి రెండు.

నేను లేచాను. "నా కుర్చీలో పువ్వుంది. నేను చూశాను."

"ఉంటే కనబడదా మాస్టారూ?" అన్నారాయన, మైకులోనే. నలుగురూ నవ్వారు.

"పెద్దాయన్ని అడగండి."

"ఎండకి నలతగా ఉందని అన్నం తినగానే పంపించేశామండీ. ఇప్పుడాయన్ని ఇబ్బంది పెడతామా?"

మిగిలిన ఇద్దరు న్యాయనిర్ణేతలూ అక్కడే ఉన్నారు. ఒకావిడ తన పువ్వు మా తోడల్లుడికి పెట్టానన్నారు. రెండో ఆయన అమ్మాయికి పెట్టానన్నారు. అంటే ఆ రెండో పువ్వు పెద్దాయనదే. అది నాదైతే ముగ్గురికీ తలా ఒకటి, గెలుపు నాది. ఇంత తేలిక లెక్క. లెక్కల మాస్టారు లేకపోయినా చెయ్యొచ్చు. ఎవరూ చెయ్యలేదు.

షీల్డు అతనికిచ్చారు. మైకు కూడా ఇచ్చారు. అతను చెమట తుడుచుకుని, "నాకేం తెలీదండీ. చూసేవాడి కంటికి కూర్చోడానికి చోటుండాలని మా అన్నయ్య గారు చెప్పారు. అదే చేశానండీ" అన్నాడు. హాలంతా చప్పట్లు. నా పక్క కుర్చీ ఆయన నావైపు వంగి, "ఎంత వినయమండీ!" అన్నాడు. మాట నాది, చప్పట్లు అతనివి, వినయం కూడా అతనిదే. నాకు మిగిలిందేమిటి?

అప్పుడు వెళ్ళి చూశాను అతని బొమ్మని. కాగితంలో ముప్పాతిక భాగం ఖాళీ. ఆకాశమో నీరో తెలియని లేత బూడిద రంగు ఒక్క పూత. కింద ఒక మూల చెరువులో నాలుగు వెదురు గడలు, వాటికి వేలాడే చేపల మేత సంచులు. ఒక గడ మీద కొంగ. అంతే. మా స్కూల్లో ఏ పిల్లాడైనా అలా సగంలో వదిలేస్తే మార్కులు కోసేసేవాణ్ణి. అయినా కదల్లేకపోయాను. ఆ కొంగ దేనికోసం చూస్తోందో అని నేను కూడా ఆ ఖాళీలోకి చూస్తూ ఉండిపోయాను. బాగుంది. బాగాలేదని నేను ఎక్కడా అనలేదు, ఉత్తరంలో కూడా రాయలేదు. ఆ కొంగ కూర్చున్న గడలు నేను ఎన్ని ఏళ్ళు చూశాను! అవి బొమ్మకి పనికొస్తాయని ఒక్కసారి కూడా తోచలేదు. అతనికి తోచింది, నా పాత బ్రష్షుతో. ఆ కడుపుమంట ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు భాష చాలదు.

వారం తిరక్కుండా అతను మా ఇంటికి వచ్చాడు. ఒక చేతిలో ఐసు వేసిన రొయ్యల డబ్బా, ఇంకో చేతిలో షీల్డు.

"అన్నయ్య గారూ, ఇది మీరు ఉంచెయ్యండి."

"ఎందుకు?"

"మీ మనసు బాగాలేదని వదిన గారు చెప్పారండీ. నాకెందుకండీ ఇది? చెరువు గట్టు మీద షెడ్డులో మోటారు పక్కన పెట్టుకోవాలి."

"నాది కాకపోతే నాకెందుకు? నాదైతే నువ్వు ఇవ్వడమేమిటి?"

అతను తల గోక్కున్నాడు. "పోనీ మీదే అనుకోండి."

"అనుకోవడం కాదు తమ్ముడూ. పెద్దాయన పువ్వు ఎవరికి పెట్టారో ఆయన చెప్పాలి."

"ఆయన నాకు పెట్టానన్నారనుకోండి, అప్పుడేం చేస్తారు?"

 అతను రొయ్యలు మా ఆవిడకిచ్చి, షీల్డు ఫ్రిజ్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. తీసుకెళ్ళమంటే తీసుకెళ్ళడు. చల్లటి నీళ్ళకి వెళ్ళినప్పుడల్లా అతని పేరు చదవాల్సి వస్తోందని దాన్ని గోడవైపు తిప్పి పెట్టాను. మా ఆవిడ తుడిచి మళ్ళీ ఇటు తిప్పుతుంది.

ఇలా కొన్నాళ్ళు గడిచాయి. ఒకరోజు నేను ఉత్తరానికి జవాబు రాని సంగతి మళ్ళీ ఎత్తాను. ఆవిడ వంకాయలు తరుగుతోంది. టీవీ సౌండు పెంచడానికి రిమోట్ తీసుకుంది. పెంచలేదు, టీవీ కట్టేసింది.

"ఇంక ఆపండి. ఆ పువ్వు నేను పెట్టాను."

"ఏ పువ్వు?"

"భోజనాలప్పుడు చూడ్డానికి వెళ్ళాం కదా. అక్కడంతా తోసుకుంటున్నారు. ఎవరి చీర కొంగు తగిలిందో, కుర్చీల సందులో పువ్వు కింద పడి ఉంది. పువ్వుని తొక్కుతారని తీసి, కళ్ళకద్దుకుని కుర్చీలో పెట్టాను."

"ఏ కుర్చీలో?"

ఆవిడ కత్తిపీట పక్కకి జరిపింది. "మరిది గారి కుర్చీలో."

"ఎందుకు? నా కుర్చీలోంచి పడిందేమో!"

"నాకేం తెలుసండీ? అక్కడున్నవాళ్ళందరూ ఆయన బొమ్మ ముందే నిలబడ్డారు. దానిదే అనుకున్నాను."

"నీకు నా బొమ్మదని తోచనే లేదా?"

ఆవిడ తరిగిన ముక్కలు పళ్ళెంలో ఒక పక్కకి చేర్చింది. తర్వాత మెల్లిగా, "మీ బొమ్మలో అన్నీ ఉన్నాయండీ" అంది. ఇంకేదో అనబోయింది. మళ్ళీ, "అన్నీ ఉన్నాయి" అని వంకాయ ముక్కలు నీళ్ళల్లో వేసుకుంది.

కింద పడ్డ పువ్వుని తొక్కనివ్వకపోవడం మన ఇళ్ళల్లో చిన్నప్పటినుంచి నేర్పే పద్ధతే. ఆవిడ తియ్యడం తప్పు కాదు. పెట్టింది ఎక్కడ అన్నదే నన్ను తినేస్తోంది. వేసవంతా ఆ బొమ్మ పక్కన కాఫీ గ్లాసు పెట్టి వెళ్ళిన మనిషి. రంగు ఆరేదాకా ఫ్యాన్ వెయ్యకుండా నాతో పాటు ఉక్కలో కూర్చున్న మనిషి. రెండు కుర్చీల మధ్య ఒక పువ్వు దొరికితే, ఆ చెయ్యి ఆలోచించకుండా అటే వెళ్ళింది.

మర్నాడే కార్యదర్శికి ఈ సంగతి చెప్పాను. "మీ ఇంట్లో సంగతులు మాకెందుకండీ?" అన్నారు. తోడల్లుడికి చెప్పాను. "అయితే మీదేనండీ అన్నయ్య గారూ, నేను ముందే చెప్పాను కదా" అని హాయిగా నవ్వాడు. అంత హాయిగా ఓడిపోగలిగినవాడికి గెలుపెందుకు? నాకెవరూ జాలిపడి ఇవ్వక్కర్లేదు.

అందుకని, అయ్యా, ఇది మీకే రాస్తున్నాను. మీరు ఎవరో మీకు తెలుసు. చేతికర్రని చంకలో పెట్టుకుని, అంత కష్టపడి వంగి, ఆ పువ్వు మీరు ఏ కుర్చీలో పెట్టారు? పడవ ఉన్న కుర్చీలోనా, కొంగ ఉన్న కుర్చీలోనా? బహుమతి మార్చమని నేను అడగడం లేదు. షీల్డు ఎలాగూ మా ఫ్రిజ్ మీదే ఉంది. కొంగకే పెట్టానంటే కొంగకే అనండి, వింటాను. కానీ ఆ మాట మీరు చెప్పాలి. మా ఆవిడ చెయ్యి చెప్పిన తీర్పు నాకు వద్దు. మిమ్మల్ని నిద్ర లేపమని మీ మనవరాలికి చెప్పండి. లేచి, నాకు సమాధానం చెప్పండి.